సుగుణ మేడమ్, గోడ స్విచ్చు

మొన్న నిడదవోలు స్టేషను ఎదుట జిరాక్సు షాపుకు వెళ్లాను. షాపామె మూలనున్న పాత కంప్యూటర్ ఆన్ చేసింది. అందులోంచి రెండు హార్మోనియం స్వరాలు మోగాయి. మొదటిది కాస్త బొంగురుగా, రెండోది దానికి సర్దిచెబుతున్నట్టు మెత్తగా. ఎవరూ తలెత్తలేదు. నాకు మాత్రం రాజమండ్రి దానవాయిపేటలో మేము పనికోసం అద్దెకు తీసుకున్న మేడమీది గది, వేడెక్కిన మానిటర్ల వాసన ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఆ స్వరాలు వాయించింది సుగుణ మేడమ్. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ఖాళీ అయ్యేదాకా ఆగి వాయిస్తే నేను రికార్డు చేశాను.

కంప్యూటర్ వెయ్యగానే ముందుగా లేచి, మిగతా పనులన్నిటినీ నడిపించే మా ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తు ఆ స్వరాలు. పల్లెటూరి బళ్లలో పాత కంప్యూటర్ల మీద తెలుగులో నడవాలని తయారుచేశాం. పునాది లోకమంతా ఉచితంగా పంచుకునేదే. దాని మీద కట్టిన ఇల్లు మాది. సభల్లో నన్ను దాని నిర్మాతగా పరిచయం చేస్తారు. నేనెప్పుడూ కాదనలేదు. ఆ ఇంటి మేస్త్రి సుగుణ మేడమ్.

మేడమ్ మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. సన్నటి జరీ అంచు ఉప్పాడ చీర, భుజాన గుడ్డసంచి, సంచిలో మాకోసం ఎప్పుడూ జామకాయలు. ఆవిడ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి శనివారం కంప్యూటర్ ముట్టని మనిషినొకరిని పిలిచి మేం చేసింది వాళ్లచేత వాడించేవారు. ప్రోగ్రాము రాసినవాడు వెనక కూర్చుని చూడాలి. నోరు మెదపకూడదు. వేలు చూపించకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాలి. మొదటిసారి నేను ఆగలేక, ‘అక్కడ కాదండి, పైన నొక్కండి’ అన్నాను. మేడమ్ వెనక్కి తిరక్కుండానే అన్నారు: “రేపు ఆయన ఊళ్లో ఆయన వెనక నువ్వు కూర్చుంటావా ప్రసాదూ?”

సిస్టమ్ దాదాపు పూర్తయింది. డబ్బు పెడుతున్న సంస్థవాళ్లు విడుదల సభ కూడా ఖాయం చేసేశారు. ఆ శనివారం కొవ్వూరు నుంచి సత్యనారాయణగారనే హెడ్మాస్టరు వచ్చారు. గోదావరి దాటి వచ్చిన అలసట ఉన్నా ఓపిగ్గా ప్రశ్నపత్రం టైపు చేశారు. చేసి, కళ్లజోడు తుడుచుకుని, లేచి, తిన్నగా గోడ దగ్గరకెళ్లి స్విచ్చు ఆపేశారు. మళ్లీ వేస్తే ఆయన రాసింది పోవడమే కాదు, సిస్టమ్ కూడా లేవలేదు.

ఆయన ముఖం చిన్నబోయింది. “నాదే పొరపాటండి. ఇంట్లో ఏ కరెంటు సామానైనా ఇలాగే ఆపుతాం. ఉరిమితే చాలు, మా ఆవిడ ముందు గోడ దగ్గరికే పరిగెడుతుంది.”

ఆయన వెళ్లాక నేను, స్విచ్చు ఆపకూడదని గోడల మీద బోర్డు పెట్టిద్దామన్నాను. మేడమ్ నవ్వారు. “ఆయన పెళ్లికాక ముందునుంచీ స్విచ్చులు ఆపుతున్నారు. మన సిస్టమ్‌కింకా బారసాల కూడా కాలేదు. ఎవరి అలవాటు మార్చడం తేలిక?”

ఎప్పుడు గోడ స్విచ్చు ఆపినా రాసింది రాసినట్టే దొరకాలి, మళ్లీ వెయ్యగానే సిస్టమ్ లేవాలి. అది కుదిరేదాకా విడుదల లేదన్నారు. అంటే లోపలి పని సగం తిరగరాయాలి, సభ వాయిదా పడాలి. సంస్థవాళ్లు నన్ను విడిగా పిలిచి అడిగారు. మేడమ్‌ది చాదస్తమని, ఇప్పుడే ఇచ్చేయవచ్చని చెప్పాను. వాళ్లు ఆవిణ్ణి పక్కనపెట్టి ఆ పనికి నన్ను పెద్దను చేశారు. గది తాళాలు నా చేతికిస్తూ ఆవిడ అన్నది ఒక్కటే: “శనివారాలు మానకు.”

మానేశాను. సభ జరిగింది, దండలు పడ్డాయి. వానలు మొదలవగానే జంగారెడ్డిగూడెం దగ్గర ఒక బడినుంచి ఫోను. వెళ్లాను. ఉరుములకు టీచరమ్మ స్విచ్చులన్నీ ఆపేసిందట. గదినిండా నల్లటి తెరలు. పిల్లలు నన్ను చూసి, డాక్టరొచ్చినట్టు దారిచ్చారు. నా దగ్గర మందు లేదు.

తిరుగు బస్సు దిగి ఇంటికి పోకుండా మేడమ్ గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే, “భోంచేశావా?” అని అడిగారు. మర్నాడు మేడమీద గదికి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. దెప్పలేదు, తాళాలు అడగలేదు. టైపు చేస్తున్న ప్రతి అక్షరాన్నీ ఎప్పటికప్పుడు ఎలా దాచాలో, సగంలో ఆగిన పనిని లేవగానే ఎలా సరిచూసుకోవాలో ఆవిడే గీసి చూపించారు. నేను రాసుకుంటూ పోయాను. ఆవిడ పక్కన కూర్చున్న ఆ నెలల్లో నేర్చుకున్న పనితోనే ఇప్పటికీ నా కుటుంబం తింటోంది.

తరవాత ఆ గుణానికే మా సిస్టమ్‌కు పేరొచ్చింది. ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఒక విలేకరి అడిగితే, ఒకరోజు కరెంటు పోయినప్పుడు నాకే తట్టిందన్నాను. అదే అచ్చయింది. మేడమ్ కూడా చదివారు. ఏళ్ల తరవాత నేనే వెళ్లి, సభ పెట్టించి నిజం చెబుతానన్నాను. ఆవిడ జామకాయ కోస్తూ, “నాకు శాలువాలు వద్దులే. హెడ్మాస్టరుగారు స్విచ్చు ఆపిన సంగతి మాత్రం రాయి. తరవాత చేసేవాళ్లకు పనికొస్తుంది,” అన్నారు. రాస్తానన్నాను. ఆవిడ బతికుండగా రాయలేదు.

మొన్న ఆ నిడదవోలు షాపులో షాపామె ఎవరిదో అర్జీ టైపు చేస్తుండగా ఆకాశం ఉరిమింది. వాక్యం మధ్యలోనే లేచి గోడ స్విచ్చు ఆపేసింది. వాన కాస్త తగ్గాక మళ్లీ వేసింది. రెండు స్వరాలు మోగాయి. ఆగిన అక్షరం దగ్గరే అర్జీ తెరుచుకుంది. ఆమె వింతపడలేదు, మిగతా వాక్యం టైపు చేసుకుంటూ పోయింది.

“మీ కాపీలు అయిపోయాయండి,” అని ఆమె రెండోసారి అన్నాక చూసుకున్నాను. బల్లమీద కూర్చుని ఉన్నాను. నా రెండు చేతులూ తొడల కిందే ఉన్నాయి.