సోంపేట మలుపు దగ్గర చెప్పిన అబద్ధం

నలభై ఏళ్లు దాటింది. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాట ఇప్పటికీ నా గుండెల మీదే కూర్చుని ఉంది. నా భార్యకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది శ్రీకాకుళం వైపు. ఉద్యోగం జంషెడ్‌పూర్‌లో, ఓ కర్మాగారం డ్రాయింగు ఆఫీసులో. క్వార్టరు సిద్ధగోరాలో. నా భార్య కద్మాలో ఒక బళ్లో టీచరు. మాకు పాప పుట్టినప్పుడు, ఇంట్లో చూసుకునే మనిషి లేక, అప్పను తీసుకొచ్చాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

అప్పకు పంతొమ్మిదో ఏటే భర్త విషజ్వరంతో పోయాడు. పుట్టింటికి రమ్మంటే రాలేదు. సోంపేట దాటాక సముద్రపొడ్డున ఉన్న అత్తవారి పల్లెలో, అత్త దగ్గరే ఉండిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు, చిన్న కొబ్బరితోట. ఒకరు తినకుండా ఇంకొకరు తినేవారు కాదట. అలాంటి మనిషిని, "ఆరు నెలలే అప్పా, పిల్ల కూర్చోడం నేర్చేదాకా" అని బతిమాలి తెచ్చాను. ఆరు నెలలు ఆరేళ్లయ్యాయి. ఎవరు చేశారలా? నేనే. ఏటా ఏదో ఒక సాకు దొరికేది. పాపకు తట్టు పోసిందనో, నా భార్యకు పరీక్షలనో.

అప్పకు చదువు రాదు. ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆ ఏడు దసరా పూజ సెలవులకు ముందు వాళ్లత్త ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. కళ్లు మసకేస్తున్నాయనీ, వచ్చి తన దగ్గరుండమనీ. అప్ప రెండోసారి చదివించుకుంది.

ఆ సెలవుల్లోనే కారు అద్దెకు తీసుకున్నాం. బరంపురంలో దిగి, మర్నాడంతా సముద్రం పక్క ఊళ్లు చూసుకుంటూ కళింగపట్నం దాకా వెళ్లాలని మా ఆలోచన. "దారిలోనే గదరా, మా అత్తనోపాలి సూసొద్దుము" అంది అప్ప. అలాగే అన్నాను. బయల్దేరే పొద్దున నేను ఆమె రేకుపెట్టె డిక్కీలో పెట్టబోతే బరువుకు చేయి లాగేసింది. నాలుగు రోజుల ప్రయాణానికి ఇంత బరువేమిటి? ఇంట్లోకి వెళ్లి చూశాను. ఆమె చీరలన్నీ ఆరేసుకునే దండెం ఖాళీగా ఉంది. జంషెడ్‌పూర్ చలికని నేను కొనిచ్చిన శాలువా మాత్రం మేకుకు వేలాడుతోంది. సముద్రపొడ్డున శాలువాతో పనేముంది? నాకు అర్థమైంది. అర్థం కానట్టు వచ్చి కారెక్కాను.

మర్నాడు పొద్దున గోపాల్‌పూర్‌లో పాప అలల్లోకి పరుగెత్తి, మేనత్తను హిందీలో పిలుస్తూ, "బువా, దేఖో! దేఖో న!" అని అరిచింది. అప్ప చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని దాని వెనకే పరుగెత్తింది. ఆమె అలా నవ్వడం ఆరేళ్లలో నేను చూడలేదు. చూసి సంతోషించాలి కదా? నాకు భయం వేసింది. ఈమె వెళ్లిపోతే నా భార్య ఉద్యోగం ఏమవుతుంది, పాపకు జడ ఎవరు వేస్తారు, సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లో దీపం ఎవరు పెడతారు అని లెక్కలు వేసుకుంటూ ఒడ్డున నిలబడ్డాను. ఆమెకు ఏం కావాలన్నది ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

పదకొండు గంటలకు సోంపేట మలుపు వచ్చింది. దారి కనుక్కుంటానని నేనొక్కణ్ణే దిగాను. కొబ్బరిబొండాల కొట్టు ముసలాయన, "తిన్నగెల్లిపోండి బాబూ, అరగంట. రోడ్డు సుబ్బరంగుంది" అన్నాడు. కారు నుంచి ఆయన దగ్గరకు ఇరవై అడుగులు నడిచాను. తిరిగి అదే ఇరవై అడుగులు. ఆ కాస్త దూరంలోనే అబద్ధం తయారైపోయింది.

"కల్వర్టు తెగిపోయిందట అప్పా. కారెళ్లదట."

"నడిసెల్లలేమేట్రా?"

"ఎనిమిది మైళ్లు. పిల్లతోటి ఎలా?"

"ఎడ్లబండి గానీ..."

"ఏమీ తిరగట్లేదట."

ఆమె ఇంకేదో అనబోయింది. అప్పుడే ఆమె పల్లెకు వెళ్లే ఆ పక్కరోడ్డులోంచే ఒక బస్సు, టాపు మీద కొబ్బరి బస్తాలతో, దుమ్ము రేపుకుంటూ వచ్చి మా ముందునుంచే మలుపు తిరిగింది. అప్ప దాన్ని కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత నావైపు చూసింది. "సరే, పోనీరా" అంది. నా భార్య కునుకు తీస్తోంది. డ్రైవరుకు తెలుగు రాదు.

ఆమెకు తెలిసిపోయిందా? తెలిస్తే ఎందుకు అడగలేదు? తమ్ముడి పరువు, పెళ్లాం బిడ్డల ముందు, తీయడం ఇష్టం లేకనా? ఇన్నేళ్లుగా ఆ చూపును తిప్పి తిప్పి చూస్తున్నాను. ఒకరోజు అందులో కోపం కనిపిస్తుంది, ఒకరోజు జాలి. జాలి కనిపించిన రోజు తట్టుకోలేను.

సాయంత్రం కళింగపట్నంలో దీపస్తంభం చూశాం. పాప గవ్వలు ఏరుకుంటోంది. అప్ప మాకు దూరంగా, ఉత్తరం వైపు తిరిగి నిలబడింది. దగ్గరకు వెళ్లాను.

"ఒరే, ఈ ఒడ్డెంటే నడిసెల్తే మా వూరొచ్చెత్తాది గదా?"

"వస్తుందప్పా."

"అత్త ఈ యేలప్పుడు తోటలో మట్టలు ఏరతాది" అంది. అంతే. నేను అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కారుంది, రోడ్డుంది, ఇంకా రెండు రోజుల సెలవుంది. పాపను పిలిచి కారెక్కించాను.

తిరుగు ప్రయాణంలో ఆ మలుపు వచ్చినప్పుడు ఆమె ఒళ్లో నిద్రపోతున్న పాప తలను సర్దుకుంది.

ఆ చలికాలంలోనే ఇంకో కార్డు వచ్చింది. ముసలావిడ పోయి పన్నెండో రోజు కూడా అయిపోయింది. చదివి వినిపించాను. అప్ప పొయ్యి మీద అన్నం దించి, గంజి వార్చి, అప్పుడు కూర్చుంది. "ఎదురుసూసుంటాది" అంది. ఆ తర్వాత పదకొండేళ్లు మా ఇంట్లోనే బతికింది. ఆసుపత్రిలో చివరి వారం ఆమె చేయి పట్టుకుని రోజూ కూర్చున్నాను. రోజూ చెప్పాలనుకున్నాను. చెబితే ఆ చేయి లాగేసుకుంటుందని భయం. చూశారా, అప్పుడు కూడా నా గురించే.

ఇప్పుడు నాకు ఎవరున్నా లేకపోయినా అప్ప కావాలనిపిస్తుంది. తిట్టడానికైనా సరే. కావాలనిపించే హక్కు నాకు లేదనీ తెలుసు. ఆ రోజు ఆమె అత్తను చూసి మళ్లీ మా దగ్గరకే వచ్చేదేమో. వచ్చేది కాదేమో. ఆ నిర్ణయం ఆమెది. అది ఆమె చేతికి అందకుండా నేనే అడ్డుపడ్డాను.

నా కూతురు ఏటా అప్ప ఆబ్దికం నాడు తన పిల్లలకు చెబుతుంది, "నన్ను విడిచి ఉండలేక మా మేనత్త తన ఊరు కూడా వదులుకుని ఇక్కడే ఉండిపోయింది" అని. పిల్లలు నావైపు చూస్తారు. నేను తలూపుతాను.

ఆమె ఉండిపోలేదు. నేను వెళ్లనివ్వలేదు.