రాగి బిందె నీళ్ళు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. విన్నాక తిట్టుకోండి, ఫరవాలేదు. నా వల్ల ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకం పోయింది. తప్పు నాదని తెలిసీ నోరు మెదపలేదు.

అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కు రెండు వీధుల అవతల శైలజక్క ఉండేది. ఎచ్-ఫోర్ మీద, అంటే భర్త వీసా వెనక వచ్చినవాళ్ళకు ఉద్యోగం చేసే అనుమతి లేని రోజులవి. ఇద్దరమూ ఇంట్లో కూర్చున్నవాళ్ళమే. నేను సీరియళ్ళు చూసి, పడుకుని, లావయ్యాను. ఆమె జువాలజీలో ఎమ్మెస్సీ చేసిన మనిషి. ఊరికే ఉండలేక హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకుంది. అందులో రెండు నారింజ చేపలు, కొన్ని నత్తలు, ఒక పగడం. దాన్ని క్యాండీ కేన్ కోరల్ అంటారట, కొత్తగా పెంచేవాళ్ళకు సులువైనదట. రాతి కొమ్మలు, ఒక్కో కొమ్మ చివర ఆకుపచ్చ నోటితో బూరెలా ఉబ్బిన కండ. సాయంత్రం లైటు తగ్గించగానే సన్నటి మీసాలు బయటపెట్టేది. అక్క డ్రాపర్‌తో ఒక్కో నోటికీ రొయ్య తునక అందించేది. ఒక్కో తల పెరిగి రెండుగా చీలేది. నాలుగు తలలతో కొన్నది పంతొమ్మిదైంది. ప్రతి చీలికనూ నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాసుకునేది.

"మా ఆవిడ రాయికి అన్నం పెడుతుంది" అని వాళ్ళాయన పార్టీల్లో అందరినీ నవ్వించేవాడు. అక్క కూడా నవ్వేది. కానీ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఆ నోట్‌బుక్ చూసి, పీహెచ్‌డీకి అప్లై చెయ్యమన్నారట. ఇండియా వెళ్ళి రాగానే చేస్తానంది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

వీసా స్టాంపింగ్‌కని మూడు వారాలకు వెళ్ళారు. ఇంటి తాళం నాకిచ్చింది. తొట్టెలో నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది, అందుకని గాజు మీద పెట్టిన గీత దాకా ఆర్‌వో మంచినీళ్ళు పోస్తూ ఉండాలి. గరాజ్‌లో క్యాన్లు నింపి పెట్టింది. "ట్యాప్ నీళ్ళు మాత్రం పొయ్యకే, ఒక్క చుక్క కూడా" అంది.

వీసా ఎక్కడో ఆగిపోయి, మూడు వారాలు ఎనిమిదయ్యాయి. క్యాన్లు అయిపోయాయి. నాకింకా లైసెన్స్ లేదు, కారు మా ఆయనతో ఆఫీస్‌కి వెళ్ళిపోతుంది. శనివారం దాకా ఆగి, ఆయనతో స్టోర్‌కెళ్ళి క్యాన్లు నింపుకు రావచ్చు. ఫోన్ చేసి అడగొచ్చు. ఎందుకు అడగలేదు? బద్ధకం. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను. ట్యాప్ నీళ్ళేగా వద్దంది, మా ఇంట్లో అంతకంటే మంచివి ఉన్నాయిగా! ఫిల్టర్ చేసి రాగి బిందెలో నిలవబెట్టిన నీళ్ళు. మా అత్తగారు చీరల మధ్య చుట్టి సూట్‌కేస్‌లో పెట్టి పంపిన బిందె, చింతపండుతో తళతళా తోముకునేదాన్ని. మేం తాగేవి అవే, ఒంటికి మంచివని. నాలుగు వారాలు రోజూ సీసాల్లో పట్టుకెళ్ళి పోశాను. ప్రేమగానే పోశాను, అదీ చెప్పాలి.

మొదట నత్తలు గాజు మీంచి రాలిపోయాయి. చేపలు శుభ్రంగా తిరుగుతున్నాయి కదా అని పట్టించుకోలేదు. తర్వాత కోరల్ ఉబ్బడం మానేసింది. కండ కరిగి తెల్లటి రాయి బయటపడసాగింది. భయమేసి అక్క షెల్ఫ్‌లోని లావుపాటి పుస్తకం తీశాను. రాగి గురించి రాసిన పేజీ రెండుసార్లు చదివాను. చేపలు కాస్త తట్టుకుంటాయట, నత్తలకూ కోరల్‌కూ మాత్రం విషం. పైగా అది తొట్టెలోని రాళ్ళలోకి ఇంకి, తర్వాత ఎంతో కాలం నీళ్ళలోకి వదులుతూనే ఉంటుందట.

ఇంతవరకు పొరపాటు. ఇంతే అయితే మీకు రాసేదాన్ని కాదు.

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేశాను. శనివారం మా ఆయన్ని స్టోర్‌కి లాక్కెళ్ళి క్యాన్లన్నీ మళ్ళీ పట్టించాను. సగం మా బాత్‌టబ్‌లో పారబోశాను. మొదటివి అయిపోయాక కూడా అవే నీళ్ళు తెచ్చి పోసినట్టు కనిపించాలని, నిండినవీ ఖాళీవీ అక్క గరాజ్‌లో వరుసగా పేర్చాను. డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు ఫెయిలైన దానికి అంత తెలివి ఎక్కణ్ణించి వచ్చింది?

అక్క ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి, సూట్‌కేసులు గుమ్మంలోనే వదిలేసి తొట్టె ముందు కూర్చుంది. పంతొమ్మిది తెల్లటి మోడులు. ఏడవలేదు.

"ఏ నీళ్ళు పోశావే?"

"నువ్వు చెప్పినవేనక్కా. ఆర్‌వో."

"ట్యాప్ నీళ్ళు గానీ..."

"అయ్యో, ఒట్టు! ఒక్క చుక్క కూడా పొయ్యలేదు."

"అయితే వెళ్ళేముందు నేనే ఉప్పు తప్పు కలిపుంటాను."

"హడావిడిలో జరిగుంటుందిలే అక్కా, పోనీ" అన్నాను. ఓదార్చాను! వీపు కూడా నిమిరాను. ఛీ, ఆ చెయ్యి నాదేనా అనిపిస్తుంది ఇప్పుడు.

ఆమె అదే తొట్టెలో, అవే రాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టింది. రెండు తలల కోరల్ తెచ్చింది. ఉప్పు రెండేసిసార్లు తూచింది. అన్ని టెస్ట్‌లూ చేసింది, రాగికి తప్ప. ఆ ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ పైపులు, రాగివి కావు, ఆ ఆలోచన ఆమెకెందుకు తడుతుంది? పది రోజుల్లో అదీ పోయింది. మూడోది తెచ్చింది. "అక్కా, ఆ రాళ్ళు పారెయ్యి" అని ఒక్క మాట అంటే చాలు. నేను ఆ సోఫాలోనే కూర్చుని, ఆమె వేసిచ్చిన పెసరట్టు తింటూ, అది కరిగిపోవడం చూశాను. ఎందుకు చెప్పలేదు? చెబితే నా ముఖం చూడదని భయపడ్డాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కానీ అదొక్కటే కాదు, ఆమె యూనివర్సిటీకి వెళ్ళిపోతే ఆ ఊళ్ళో మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే మిగిలిపోతానని, నాకు లేనిది ఆమెకెందుకుండాలని, లోపలెక్కడో ఒక పాడుబుద్ధి కూడా ఉంది.

ఆ తర్వాతి పార్టీలో వాళ్ళాయన "మా ఆవిడ రాయిని కూడా చంపేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం ఈసారి నవ్వలేదు.

"కొత్తవాళ్ళకు సులువైనదాన్నే బతికించుకోలేకపోయాను. ల్యాబ్‌కెళ్ళి ఏం చేస్తానే" అని, నోట్‌బుక్ రీసైకిల్ బిన్‌లో వేసింది. అప్లై చెయ్యలేదు. చేపలు ఎవరికో ఇచ్చేసింది. మరుసటేడు టెక్సాస్ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎచ్-ఫోర్‌లో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. చూసుకోవచ్చు కదక్కా అంటే, "నా చేత ఏమవుతుందిలే" అంటుంది. ఆదివారాలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నువ్వొక్కదానివే నా కోరల్ కోసం అంత కష్టపడ్డావు అంటుంది. నేను ఊఁ కొడతాను.

ఆ నోట్‌బుక్ నేను బిన్‌లోంచి తీసి దాచాను. చివరి పేజీలో కారణాలు రాసుకుంది. ఉప్పు, కొట్టేసింది. లైటు, కొట్టేసింది. వేడి, కొట్టేసింది. అన్నిటికన్నా కింద "నేను" అని రాసుకుంది. దాన్ని కొట్టెయ్యలేదు.

ఆమె ఇది చదవదని తెలిసే రాస్తున్నాను. అదీ పిరికితనమే. క్షమించమని ఎవరినీ అడగను. కానీ ఏడేళ్ళలో మొదటిసారి ఊపిరి కాస్త లోపలి దాకా అందుతోంది.

ఏ నీళ్ళు పోశావని అడిగావు కదక్కా. మా ఇంటి రాగి బిందెలో నీళ్ళు పోశాను.