దీపానికి షెడ్డు

మొన్న మా ఇంట్లో ఒక్క బల్బు కోసం రెండు రేకులు, నాలుగు ఇనుప పైపులు దిగాయి. ఎట్లా దిగాయో మొదటినుంచీ చెబుతాను, జర ఓపిగ్గా వినండి.

మా మనవరాలు శ్రావ్యకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, రాత్రి డ్యూటీ. శంషాబాద్‌లో నా దగ్గరే ఉంటుందని పేరే గానీ, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. చీకటి పడగానే క్యాబ్ వస్తుంది, వెళ్లిపోతుంది. అందుకని మధ్యాహ్నాలు, కర్టెన్లు వేసిన పిల్ల గదిలోనే, దాని మంచం పక్కన టేబుల్ లైటు పెట్టుకుని పుస్తకంతో కూర్చునేదాన్ని.

పోయిన వారం దుమ్ము దులపబోయి ఆ లైటు షేడ్ పగలగొట్టాను. షేడ్ ఎందుకంటారా? వెలుగును కిందికి, పుస్తకం మీదికి దించడానికి. అది లేకపోతే బల్బు నేరుగా పిల్ల కళ్లలో కొడుతుంది. ఇగ నేను హాల్లోకి మారాను. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. అయినా పిల్ల ఊరెళ్లినట్టే ఉండేది.

ఉండబట్టలేక వైరింగ్ పనిచేసే శ్రీశైలానికి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను: "దీపానికి షెడ్ కావాలి. తొందరగా."

ఎత్వానికీ ఏత్వానికీ తేడా ఏమిటో ఏళ్ల తరబడి పిల్లల చేత పలికించినదాన్ని. నా వేలికి మాత్రం అది రాలేదు. తులసికోట దగ్గర దీపం వానకు ఆరిపోతోందేమో అనుకున్నాడట పాపం. గగన్‌పహాడ్‌లో గోడౌన్లకు షెడ్లు వేసే బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. నేను పాలప్యాకెట్టు తెచ్చేసరికి, తులసికోట పైన, సరిగ్గా శ్రావ్య కిటికీ పక్కన గోడకు డ్రిల్లింగ్ నడుస్తోంది.

ఆపు నాయనా, పిల్ల పడుకుంది అంటూ ఉరికాను. "మీరే గద టీచరమ్మా, తొందరగ అన్నరు" అన్నాడు శ్రీశైలం.

అప్పటికే పిల్ల లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. జరిగిందంతా చెప్పాను. నీ పక్కన కూర్చుని నాలుగు పేజీలు చదువుకుందామనే ఈ తిప్పలన్నీ అన్నాను.

శ్రావ్య కళ్లు నలుపుకుంటూ నవ్వింది. "నువ్వు చదివిందెన్నడు అమ్మమ్మా? గంటలు గంటలు కూసుంటవు, ఒక్కనాడన్న పేజీ తిప్పిన సప్పుడు రాదు. లైటు బంద్ చేసి నా పక్కకే పండుకోరాదు?"

శ్రీశైలం, బావమరిది ఇద్దరూ పని ఆపి నావైపే చూస్తున్నారు. ఆ క్షణాన షేడ్ కావలసింది బల్బుకు కాదు, నా ముఖానికి.