పదకొండు బీడీల సేపు

తడి గోనెగుడ్డ విప్పి అప్పుడే బయటికి తీసిన తునికాకు వాసన తెలియనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. వాన వెలిసిన అడవి, మూత తీసిన పాత ట్రంకు పెట్టె, కాస్త టీ పొడి కలిస్తే దానికి దగ్గరగా వస్తుంది. మొన్న ఆదివారం మా ఆర్మూర్ ఫుట్‌బాల్ మైదానం అంచున కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు బీడీల చాట ఒడిలో పెట్టుకుని ఆకు విప్పింది. నా పక్కన నిలబడ్డాయన ఆట మొదలై ఎంతసేపైందని అడిగాడు. నా చేతికి గడియారం ఉంది. అయినా దాన్ని చూడకుండా, "ఒక కట్ట నిండింది, మీద నాలుగు" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూశాడు. బదిలీ మీద ఊరికి కొత్తగా వచ్చినవాడు. రాజవ్వను చూసి ఉండడు.

రాజవ్వ బీడీలు చుట్టేది. ఆమె గురించి చెప్పే ముందు మా వంశం గురించి రెండు మాటలు చెప్పాలి. ఎవరూ అడగకపోయినా చెప్పడం నా అలవాటు. మా తాతగారి కాలంలో ఈ చుట్టుపక్కల మా మాటకు ఎదురు లేదు. మా నాన్నగారి కాలానికి మాట మిగిలింది, వినేవాళ్లు తగ్గారు. నా కాలానికి కోటలాంటి మా గడి అమ్ముడుపోయి, బీడీలు చుట్టేవాళ్ల గల్లీలో రెండు గదుల అద్దె ఇంట్లోకి వచ్చాను. వెంట తెచ్చుకున్నవి ఒక టేకు కుర్చీ, వంగని వెన్ను, ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్ష పదవి. మైదానం తాతగారు దానమిచ్చినది కనుక ఆ పదవి మా ఇంటిది. ఉత్తరం గోలు వెనక మూడు బండరాళ్లుండేవి. అవి తాతగారు స్వయంగా వేసిన పునాదిరాళ్లని మా నాన్నగారు చెప్పారు. ఏటా పంద్రాగస్టుకు వాటికి సున్నం వేయించేవాణ్ణి. నెల తిరక్కుండానే లోపలి వైపు నలుపు తేలేది. సున్నంలో కల్తీ ఉందని దుకాణదారును ఏటా ఒకసారి నిలదీసేవాణ్ణి.

అధ్యక్షుడు నేల మీద కూర్చోకూడదు. కనుక ఆదివారం సాయంత్రానికి కుర్చీ మైదానం చేరాలి. మోసే మనిషి లేడు. నేనే భుజాన వేసుకుని, పైన దుప్పటి కప్పి, గల్లీ దాటేవాణ్ణి. మొదటి ఆదివారం రాజవ్వ గడపలో కూర్చుని చాటలోంచి తల ఎత్తింది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది.

"కుర్చీకేమైంది దొరా?"

"కాలు కదులుతోంది. మరమ్మతుకు తీసుకుపోతున్నా."

రెండో ఆదివారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. మూడో ఆదివారం ఆమె నన్ను అడగలేదు. ఎదురింటివాళ్లకు చెప్పింది.

"గా కుర్చీకేం రోగమో గని, ఐతారం ఐతారం దవాఖానకు పోతది. పోయేటప్పుడు మంచిగనే ఉంటది, వచ్చేటప్పుడు గూడ మంచిగనే ఉంటది."

గల్లీ గల్లీ నవ్వింది. నేను ఆగలేదు. నాలుగడుగులు వేశాక భుజం మీద బరువు సగమైనట్టు అనిపించింది. రాజవ్వ చాట చంకలో ఇరికించుకుని, వెనక కాళ్లు పట్టుకుని నడుస్తోంది.

"ఎన్కకు జూడకు దొరా. ఎవరో నౌకరు మోస్తున్నడనుకో, నడువు."

అలా ఆమె మైదానానికి వచ్చింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలి కనుక పని వెంట తెచ్చుకుంది. నేను కుర్చీలో, నా పక్కన నేల మీద ఆమె. పదకొండేళ్లు ఆ కుర్చీని మరమ్మతుకు తీసుకెళ్లాం.

ఆటలో ఆమెకు మొదట అర్థమైనది సమయం. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. మా ఆటలో ఒక సగం మూడు కట్టలు. ఆమె చెయ్యి ఎండలోనైనా, గొడవలోనైనా ఒకే తీరుగా నడిచేది. ఒకసారి పోచంపాడ్ జట్టు వచ్చింది. డ్యాం మీద పనిచేసే గట్టి పిల్లలు. రెఫరీ కూడా వాళ్లతోనే వచ్చాడు. మేము ఒక గోలు వెనకబడి ఉన్నాం. మా వాళ్లు కార్నర్ కొట్టబోతుండగా ఆయన సగం అయిపోయిందని ఈల వేశాడు.

"కాలే" అంది రాజవ్వ. "మూడో కట్టకు ఇంక ఏడు బీడీలు తక్వున్నయ్."

రెఫరీ నవ్వి తన గడియారం చూపించాడు. ఎవరో ఫోన్ తీసి చూశారు. సగం ముగియడానికి ఇంకా మూడు నిమిషాల పైన ఉంది. రెఫరీ ముఖం మాడ్చుకుని ఆట మళ్లీ మొదలుపెట్టాడు. ఆ మూడు నిమిషాల్లో మేము ఇంకో గోలు తిన్నాం.

సత్తార్‌కు మండింది. సత్తార్ మా పాత గోల్‌కీపర్. తిన్న గోల్స్ చాలని ఆటో నడుపుకుంటున్నాడు, కానీ ఒక్క ఆట వదలడు. "అవ్వా, నువ్వు నోరు మూసుకుంటె ఒక్కటితోనే పోయేది గదా" అన్నాడు.

"ఓడుడు ఓడుడే, టైము టైమే" అంది రాజవ్వ, ఎనిమిదో బీడీకి దారం చుడుతూ.

ఆ మాట నాకప్పుడు మొండితనంగా అనిపించింది. మాది ఎలాగూ ఓడే జట్టు. చివరికి బంతులు కుట్టించే స్తోమత కూడా పోయింది. గోలుకు మెండోర జాలర్లు పారేసిన వల కట్టాం. దానికున్న రంధ్రాల్లోంచి చేపలు పోయాయో లేదో తెలియదు గానీ, బంతి మాత్రం పోయేది. అలాంటి రోజుల్లో నిజామాబాద్ నుంచి గంగాధర్ అనే కాంట్రాక్టర్ క్లబ్బును తీసుకుంటానని కబురు పెట్టాడు. స్తంభాల మీద లైట్లు పెడతాడట, మెట్లు కడతాడట. బదులుగా క్లబ్బుకు ఆయన వెంచర్ పేరు పెట్టాలి. పసుపు బనీన్లు తీసేసి ఆయన కంపెనీ నీలం బనీన్లు వేయాలి. మైదానంలో పడమటి సగం దుకాణాలకు పోతుంది.

"సగం మైదానంల ఫుట్‌బాల్ ఎట్ల ఆడుతరు?" అని కొందరు. "ఇప్పుడు మనం ఆడేది సగంలనే గదా, ఇంకో సగంలకు బాల్ ఎప్పుడు పోయింది?" అని కొందరు. సత్తార్ లైట్ల పక్షం. "లైట్లు వస్తె రాత్రి గూడ ఓడిపోవచ్చు" అనేవాడు. నీలం బనీను మాట వస్తే మాత్రం అతనూ వద్దనేవాళ్ల వైపు వచ్చేవాడు. పసుపు మార్కెట్ ఊళ్లో నీలం బనీను వేసుకుని ఏ ముఖంతో తిరగాలని.

ఆదివారం మైదానానికి వస్తానని కాంట్రాక్టర్ చెప్పేవాడు. జనం ఆటకు వీపు పెట్టి రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్లు. కారేదైనా మలుపు తిరిగితే గోల్‌కీపర్‌తో సహా అందరూ అటు చూసేవాళ్లు. అలా రెండు గోల్స్ తిన్నాం. సాయంత్రానికి ఫోన్ వచ్చేది, వచ్చే వారం తప్పకుండా అని. రాజవ్వ తన పద్ధతిలో ఎదురుచూపును లెక్కగట్టింది. "గాయిన వచ్చుడు ఇప్పటికి ముప్పై కట్టలాయె. గిన్ని చుట్టితె నాకు కూలన్న వచ్చె, మీకేమొచ్చె?"

ఈ తగాదా అంతటికీ మూలం నేను. తాతగారి దానపత్రంలో ఒక మాట ఉంది. క్లబ్బు నడవలేని స్థితి వస్తే దాత వారసుడు తనకు తగినవాడనిపించిన మనిషికి మైదానంతో సహా అప్పగించవచ్చు. కాంట్రాక్టర్‌కు కావలసింది నా సంతకం ఒక్కటే. అది నేను మొదటి రోజే, ఆయన మా ఇంటికొచ్చిన గంటలోపే పెట్టిచ్చాను. ఎందుకంటే ఆయన కాగితం మీద ఒక కమాను గీసి చూపించాడు. దాని మీద మా తాతగారి పేరు. మిగతా షరతులు చదవలేదు. అక్షరాలు అడుగున్నర ఎత్తు ఉండాలని మాత్రం గట్టిగా చెప్పాను.

సంగతి తెలిసి జనం వచ్చి అడిగారు. "మా తాత ఇచ్చిన జాగ. నా ఇష్టం" అన్నాను. వాళ్లు వెళ్లిపోయారు. రాజవ్వ ఆ రోజుల్లో నాతో ఒక్క మాట వాదించలేదు. ఆదివారం రాగానే వచ్చి కుర్చీ వెనక కాళ్లు పట్టుకునేది.

ఒక శుక్రవారం కాంట్రాక్టర్ నుంచి ఖాయమైన కబురు వచ్చింది. ఎల్లుండి అప్పగింత, పునాదిరాళ్ల దగ్గర ఫొటో. శనివారం మధ్యాహ్నం నేనే సున్నం బకెట్ పట్టుకుని మైదానానికి వెళ్లాను. రెండు పూతలు వేసినా లోపలి వైపు నలుపు తేలుతూనే ఉంది. రాజవ్వ ఎప్పుడు వచ్చిందో, గోలు స్తంభం నీడలో కూర్చుని చుడుతోంది.

"ఈసారి కూడా కల్తీ సున్నమే ఇచ్చాడు" అన్నాను.

"సున్నందేం తప్పు లేదు దొరా. అది మసి."

"మసి ఎక్కడిది?"

"అవి పొయ్యి రాళ్లు. గీ జాగంత ఊరి కళ్లం. అందరు గీడనే పసుపు ఉడకవెట్టి ఆరవోసుకునేటోళ్లు. మా అత్త గా మూడు రాళ్ల మీదనే కాగు వెట్టింది. ఒకనాడు మీ తాత మనుషులు వచ్చి లేవమన్నరు. లేసిన్రు. తర్వాత దానమిచ్చిండని తెలిసింది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎప్పుడో పడ్డ వాన గురించి చెబుతున్నట్టే ఉంది. నేను రాళ్లను చూశాను. మూడూ ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో మంటకు చోటు వదిలి ఉన్నాయి. మసి లోపలి ముఖాలకే ఉంది. పునాదిరాళ్లను ఎవరూ అలా వేయరు. ఈ సంగతి గమనించడానికి నాకు అంతకాలం పట్టింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఉన్నయే గా మూడు రాళ్లు. అవి గూడ గుంజుకుంటె నీ దగ్గరేముంటది?"

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"సున్నం ఖరాబైతున్నది" అంది.

ఏం చేయమనీ చెప్పలేదు. కట్ట కట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు కాంట్రాక్టర్ నిజంగానే వచ్చాడు. ఊరు ఊరంతా మైదానం చుట్టూ నిలబడింది. రెఫరీ ఆట ఆపాడు. మైదానంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ నాది. "కుర్చీ మస్తుగున్నది దొరా" అంటూ ఆయన అందులో కూర్చున్నాడు. నిలబడి ఉండలేక నేను రాజవ్వ పక్కన నేల మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి. మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను మనసు మార్చుకున్నాను" అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ఫైలు తెరిచి నా సంతకం నాకే చూపించాడు. "రాసిచ్చినంక మనసుదేముంది? దొరలు మాట తప్పుతరా? గిదంత మీ తాతగారి జాగ, మీ చేతి కాయితం."

దానికి జవాబు నా దగ్గర ఉంది. కానీ అది చెబితే మాకు మిగిలిన ఆఖరి గొప్ప నా నోటితో నేనే తుడిచేసినట్టు. గడి పోయినప్పుడు కొన్నవాణ్ణి తిట్టుకున్నాను. భూములు పోయినప్పుడు కాలాన్ని తిట్టుకున్నాను. ఇది పోతే తిట్టుకోవడానికి ఎవరూ ఉండరు. మైదానమంతా నా నోటి వైపే చూస్తోంది. నాకు వినిపించిన చప్పుడు ఒక్కటే, పక్కన ఆకు కత్తిరిస్తున్న కత్తెర.

"ఈ జాగ మా తాతగారిది కాదు" అన్నాను. "ఇది ఊరి కళ్లం. ఆయన తనది కానిది దానమిచ్చారు. నాకు లేనిది నేను మీకు రాసిచ్చాను."

కాంట్రాక్టర్ నవ్వాడు. "సరే దొరా, రెండు ఫీట్ల అక్షరాలు పెడదాం."

నేను లేచి రాళ్ల దగ్గరికి వెళ్లి, ఇంటి తాళంచెవితో నిన్నటి సున్నం గీకాను. మసి చేతికంటింది. దాన్ని ఆయన నీలం ఫైలు మీద, నా సంతకం పక్కన ముద్రలా ఒత్తాను. "మా అమ్మ గూడ గీడనే ఉడకవెట్టింది" అంది జనంలోంచి ఒక ముసలమ్మ. "మా నాయనమ్మ గూడ" అంది ఇంకొకామె. కాంట్రాక్టర్ వెంట వచ్చిన వకీలు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. పాత రికార్డులో కూడా ఊరి కళ్లమనే ఉందని వారం తర్వాత తెలిసింది. ఊరంతా హక్కుదారులైన భూమి మీద ఎవరు డబ్బు పెడతారు? కారు వచ్చిన దారినే పోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్తార్ అడిగాడు, "అంటె లైట్లు రావా?"

రెఫరీ ఈల వేశాడు. మిగిలిన ఆట ఆడి ఓడిపోయాం.

ఇంటికి బయల్దేరుతుంటే రాజవ్వ అలవాటుగా కుర్చీ వెనక కాళ్లు పట్టుకుంది.

"వదిలెయ్. ఇక్కడే ఉండనీ" అన్నాను. "మరమ్మతు అయిపోయింది."

కుర్చీ లేకుండా నడిచాం. గల్లీ మొదట్లో ఆమె అంది, "పదకొండు బీడీలు పట్టింది దొరా, గా కాయితం చూపెట్టినంక నువ్వు నోరు తెరిసేటాల్లకు."

"ఎక్కువా?"

"మీ తాత కాన్నుంచి లెక్కవెడితె తక్వనే."

రాజవ్వ పోయి రెండు వానాకాలాలైంది. కుర్చీ ఇంకా మైదానంలోనే ఉంది. ఆట మధ్యలో బయటికొచ్చిన ఆటగాళ్లు అందులో కూర్చుంటారు, ఒక కాలు నిజంగానే కదులుతోంది. రాళ్లకు సున్నం వేయించడం మానేశాను. ఊరు నన్ను అధ్యక్ష పదవిలోంచి తీసేయలేదు గానీ, సమయం చూసే పని, గీత దగ్గర నిలబడి బంతి దాటిందో లేదో చెప్పే పని కూడా అప్పగించింది.

మొన్న ఆదివారం వచ్చింది కూడా పోచంపాడ్ జట్టే. ఆఖర్లో మావాడు బలంగా కొట్టాడు, బంతి వలలో పడింది. జనం ఊగిపోయింది. ఎన్నేళ్ల తర్వాతో వాళ్ల మీద గెలుపు. రెఫరీకి అనుమానమొచ్చి నా వైపు తిరిగాడు. బంతి స్తంభానికి బయటి నుంచి పోయి, మెండోర వలకున్న రంధ్రంలోంచి లోపలికి దూరింది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. జనం నా నోటి వైపు చూశారు. పక్కన కత్తెర ఆడుతూనే ఉంది.

"గోలు కాదు" అన్నాను.

సత్తార్ గీత దాకా నడిచొచ్చాడు. నా పక్కన నిలబడి, "నువ్వు కుర్చీల ఉన్నప్పుడే మంచిగుంటివి దొరా" అన్నాడు.

చాట ఒడిలో పెట్టుకున్న కోడలివైపు వంగి, రెఫరీ నన్ను అడిగినప్పటినుంచి నేను జవాబు చెప్పేదాకా ఎన్ని చుట్టావమ్మా అని అడిగాను. ఆమె వేలితో తడిమి చూసుకుంది.

"తొమ్మిది. ఎందుకు తాతా?"

"రెండు తగ్గాయి" అన్నాను.