పట్టుపురుగుల షెడ్డులో మల్లె

నా సొంత షెడ్డు తలుపు ముందు, నా సొంత కుక్కకు అన్నం గిన్నె పట్టుకొని నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగి, వద్దనిపించుకొని, గిన్నె గడప మీద పెట్టి బుద్ధిగా తిరిగివచ్చిన మనిషిని నేను. ఒకసారి కాదు, ఏడాదిన్నర పాటు. ఈ మాట ముందే ఒప్పుకుంటే, తరవాత మీరు నన్ను తిట్టుకునే శ్రమ కొంత తగ్గుతుందని నా ఆశ.

పోయిన వారం అత్తిముగం దగ్గరి మా షెడ్డుకు సున్నం కొట్టించాను. చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ ఒక పంట పట్టుపురుగులు పెడదామని మా ఆవిడకు బుద్ధి పుట్టింది. సున్నం కొట్టే ఆమె కిటికీ వలలో ఇరుక్కున్న తెల్లటి ఉండ ఒకటి పీకి, "ఇదేందప్పా, పట్టుగూడు ఒకటి మిగిలిపోయిందా?" అంటూ నా చేతిలో పెట్టింది. అది పట్టు కాదు, కుక్క వెంట్రుకలు. ఆ పూటంతా నాకు ఏ పనీ తోచలేదు.

పట్టుపురుగులు పెంచిన ఇంటివాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆ షెడ్డు మాకు దేవుడి గది కన్నా ఒక మెట్టు ఎక్కువ. కాళ్ళు కడగనిదే, బ్లీచింగు పొడి తొక్కనిదే గడప దాటేది లేదు. బయటి మనిషి వస్తే వాడి కాలి వెంట రోగం వస్తుంది, ఒక్క పూటలో పంటంతా నల్లబడి కుళ్ళిపోతుంది. సొంత అన్నదమ్ములనైనా "ఆడనే నిలబడప్పా" అని వాకిట్లోనే ఆపేసేవాళ్ళం, వాళ్ళూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. నేను పగలు హోసూరు ఫ్యాక్టరీ స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి, సాయంత్రం వచ్చి మల్బరీ ఆకు మోసేవాణ్ణి. షెడ్డుకు యజమానురాలు మాత్రం మా ఆవిడే. తరవాత గూళ్ళ ధర పడిపోయింది, మా మోకాళ్ళూ పడిపోయాయి, పట్టు పోయి పట్టుదల ఒక్కటే మిగిలింది. షెడ్డుకు తాళం వేశాం.

అప్పుడు వచ్చాడు మా మేనత్త మనవడు. నాకు వరసకు మేనల్లుడు, తరవాత వరసగా మోసం చేసినవాడు. మూకండపల్లిలో బాడుగకుండి ఫ్యాక్టరీకి పోతుండేవాడు, ఆ పని మానుకొని జాతి కుక్కల వ్యాపారం మొదలుపెట్టానన్నాడు. షెడ్డు బాడుగకు అడిగాడు, ఇచ్చాను. తలుపు మీద ఏదో దరఖాస్తు జిరాక్సు అంటించి, గవర్నమెంటు పర్మిషను అన్నాడు. మూడు భాషలు మాట్లాడతానని ఊళ్ళో నాకు పేరుంది గానీ, ఆ కాగితాన్ని మూడు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ నేను చదవలేదు.

కుక్కల వ్యాపారమంటే మొదట నాకు నవ్వొచ్చింది. నేను పుట్టి పెరిగింది అంచెట్టి కొండల్లో, గొర్రెల మందలున్న ఇంట్లో. ఆ రోజుల్లో కుక్కను కొన్నామని ఎవరైనా అంటే, వాన కొన్నామన్నంత వింతగా చూసేవాళ్ళు. మా కుక్క ఏడాదికొకసారి తన ఇష్టప్రకారం ఏ గడ్డివాము చాటుననో ఈనేది. మా అవ్వ దానికి బాలింతకు పెట్టినట్టు బెల్లమేసిన రాగి గంజి పెట్టేది. పిల్ల కావాలని వచ్చినవాళ్ళ ముందే ఇంత సంగటి ముద్ద నేల మీద పెట్టి, పిల్ల తనంతట తాను తింటేనే ఎత్తుకుపొమ్మనేది, తినకపోతే "ఇంకా తల్లిదే, నీది కాదు" అని పంపేసేది. తల్లి కుక్క వచ్చినవాళ్ళ కాళ్ళు వాసన చూసి గుర్రుమంటే ఆ ఇంటికి పిల్లనే ఇచ్చేది కాదు. మనుషుల సంబంధాలకు కూడా అంత విచారణ చేసిందని నేననుకోను. నా పెళ్ళే అందుకు సాక్ష్యమని మా ఆవిడ అంటుంది.

మల్లె మా ఆవిడ కుక్క. మా మేనేజరు బదిలీ మీద పోతూ వదిలిపోయిన తెల్లటి పామరేనియన్, రెండేళ్ళది. మా ఆవిడ పూలు కడుతుంటే పక్కన కూర్చొని దారం కొస నోట కరిచి పట్టుకునేది. ఆడ కుక్క ఒక్కసారైనా ఈనకపోతే గర్భసంచికి రోగమొస్తుందని మేనల్లుడు చెప్పాడు. ఒక్క కాన్పు తన దగ్గర కానిచ్చి తీసుకొచ్చేస్తానన్నాడు. మా ఆవిడ వద్దంది. మూడు రోజులు నచ్చజెప్పి ఒప్పించినవాణ్ణి నేనే. పోయే రోజు ఆమె దాని మెడకు ఎర్ర రిబ్బను కట్టి పంపింది.

ఆ తరవాత సంగతి మొదట్లోనే చెప్పాను. పిల్లలు పాలు తాగుతున్నాయన్నాడు, చర్మానికేదో వచ్చిందన్నాడు, తెలియకుండా మళ్ళీ చూలు నిలిచిందన్నాడు. లోపలికి పోబోతే, "వద్దు మామా, బయటోళ్ళ కాలెంబడి రోగమొస్తాది, పిల్లలన్నీ పోతాయి. నీకు తెలీందా?" అనేవాడు. నాకు తెలీకపోవడమా! జీవితమంతా నేను ఇతరులకు చెప్పిన మాటే నాకు చెబుతున్నాడు. ఎంత శుభ్రంగా పెంచుతున్నాడో అని మెచ్చుకొని గిన్నె గడప మీద పెట్టి వచ్చేవాణ్ణి. అప్పుడప్పుడు ఫోనులో మల్లె ఫోటో చూపించేవాడు.

ఒకనాడు ఆ ఫోటో మా ఆవిడ చూసింది. కళ్ళద్దాలు తెచ్చుకొని మళ్ళీ చూసింది.

"ఏమయ్యా, ఏడాదిన్నర అయినా ఈ రిబ్బను మాసిపోలా, చూసినావా?"

నేను చూడలేదు. ప్రతిసారీ చూపించింది ఒకే ఫోటో. ఆమె చెప్పులైనా వేసుకోకుండా షెడ్డుకు నడిచింది, వెనకే నేను. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి గాలి పీల్చింది. పురుగులకు రోగం తగిలితే గడప బయటనే వాసన పట్టగల మనిషి. "నీ ముక్కు యాడన్నా తాకట్టు పెట్టినావా?" అని నన్నడిగి, మేనల్లుడు పరుగెత్తుకొస్తున్నా లెక్కచేయక తలుపు తోసింది.

మా పురుగుల తట్టలు పెట్టుకునే స్టాండ్లు అలాగే ఉన్నాయి, నాలుగేసి అంతస్తులు. ఒక్కో అంతస్తుకూ ఇనుప వల బిగించి, లోపల తల్లి కుక్కల్ని పెట్టాడు. అవి నిలబడితే తల పైవలకు తగులుతుంది. పై అంతస్తు మలమూత్రాలు కింది అంతస్తు వీపు మీద పడతాయి. ఆ ఘాటుకు నా కళ్ళు మండాయి. అన్ని కుక్కలుండీ ఒక్కటీ మొరగలేదు. మల్లె అన్నిటికన్నా కింద ఉంది. తెల్ల రంగు ఎప్పుడో పోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. వల కొరికి కొరికి ముందు పళ్ళు విరిగాయి, రొమ్ములు నేలకు రాసుకొని పుండ్లు పడ్డాయి. ఏడాదిన్నరలో మూడు కాన్పులు. మా ఆవిడ వల తీసి పేరు పెట్టి పిలిచింది. మల్లె బయటికి రాలేదు. వెనక్కి జరిగి గోడకు ఒదిగింది.

మేనల్లుడు దాన్ని ఇవ్వనన్నాడు. మేపుకు డబ్బంతా తనే పెట్టాడట, మళ్ళీ చూలుతో ఉందట.

మరునాడు శూలగిరి పశువుల ఆస్పత్రికి పోయాను. డాక్టరమ్మ వివరంగా చెప్పింది. పెంపకందారు ముందుగా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు చేసుకోవాలి, ఉత్త దరఖాస్తు చాలదు. తల్లికి ఏడాదికి ఒక్క కాన్పే, జన్మ మొత్తం మీద ఐదే. ఎనిమిది వారాలు నిండనిదే పిల్లను అమ్మకూడదు. నాకు మా అవ్వ పెట్టిన సంగటి ముద్ద గుర్తొచ్చింది. తరవాత ఆమె మెల్లగా అడిగింది, షెడ్డు ఎవరి పేరు మీద ఉందని. నా పేరు మీదే. కాబట్టి ఫిర్యాదు రాస్తే ఆ కాగితంలో మొదట తలవంచుకోవలసింది నేనే.

చట్టం ఒక పక్క, చుట్టం ఒక పక్క. రెండు రోజులు ఇంటికి బంధువులు వస్తూనే ఉన్నారు. కుక్క కోసం మేనత్త మనవణ్ణి పోలీసులకు పట్టిస్తావా అన్నారు. మా ఆవిడ వాళ్ళకు కాఫీ ఇస్తూనే, నా ముందు కాగితం పెట్టి, "రాయి. నీ తప్పు గూడా రాయి" అంది. రాశాను. కానీ ఆ రెండు రోజుల తటపటాయింపు నాదే. అధికారులు వచ్చేసరికి అతను అమ్ముడుపోయేవాటిని టెంపోలో ఎక్కించి పంపేశాడు. పనికిరానివని ఆరింటిని వదిలేశాడు, చూలుదైనా ప్రయాణానికి తట్టుకోదని మల్లెను కూడా. రెండు ఆస్పత్రిలోనే చచ్చిపోయాయి. మల్లె బతికింది, కడుపులోని పిల్లలు బతకలేదు. అతనికి నోటీసు వచ్చింది, ఏదో కొంచెం జరిమానా పడింది. నెల తిరగకముందే కృష్ణగిరి పక్క ఒక కాంపౌండు ఇంట్లో మళ్ళీ దుకాణం తెరిచాడు.

నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఫోను మ్యాపులో అతను పెట్టిన దుకాణం గుర్తు మా షెడ్డు మీదే ఉండిపోయింది, తీయడం మరిచినట్టున్నాడు. ఆదివారం పూట కుక్కపిల్లలు కొనేవాళ్ళ కార్లు బెంగుళూరు నుంచి ఇక్కడికే వస్తాయి. వచ్చినవాళ్ళను నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మల్లెను చూపిస్తాను. రిజిస్ట్రేషను కాగితం అడగమంటాను. పిల్లకు ఎన్ని వారాలో అడగమంటాను. అన్నిటికన్నా ముందు, తల్లిని చూపించమని అడగమంటాను, చూపించకపోతే డాక్టరమ్మకు ఫోను చేయమంటాను. ఆ పైన మేనల్లుడి కొత్త అడ్రసు నేనే నా చేత్తో రాసిచ్చి, దారి కూడా చెప్పి పంపుతాను. కొందరు అక్కడికి పోకుండా ఇటునుంచి ఇటే తిరిగి వెళ్ళిపోతారు, అది అదనపు లాభం.

మొన్న అతను ఫోను చేశాడు.

"ఏం మామా, వచ్చినోళ్ళంతా తల్లిని చూపించు, తల్లిని చూపించు అంటావుండారు. ఒగడూ కొనేది లేదు. నీ పనేనా ఇది?"

"నా పనే లేప్పా. రిటైరైనోణ్ణి, ఇంకేం పనుంది నాకు?" అన్నాను.

ఇది చాలా చిన్న పగ అని నాకు తెలుసు. మన చిన్నప్పుడు తల్లిని చూపించమని ఎవరూ ఎవరినీ అడగవలసి రాలేదు, అడిగే హక్కు కోసం చట్టమూ కావలసి రాలేదు. ఇప్పుడు చదువుకున్న పిల్లలకు ఒక ముసలివాడు కుర్చీ వేసి ఆ ఒక్క ప్రశ్న నేర్పాల్సి వస్తోంది. నేను నేర్పుతున్నంతసేపూ మల్లె మా ఆవిడ కొంగు కిందనే ఉంటుంది. వచ్చినవాళ్ళు ముద్దుచేద్దామని చెయ్యి చాపితే, ఉన్న ఒక్క కన్నూ మూసుకుంటుంది.