నా ఒక్క మాటకి ఆగిపోయిన జట్టు

మా ఆయన ఉద్యోగాన్ని నేను ఒకే ఒక్క మాటతో నేలమట్టం చేయబోయిన వైనం చెబుతాను. గొంతు నాదే గాని మాట మాత్రం అరువుది. చంటిది ఇప్పుడే నిద్రపోయింది కాబట్టి మీరు కాస్త మెల్లగా నవ్వాలి.

ఎనభై మూడులో మేం కువైట్‌లో, ఫర్వానియాలో ఉండేవాళ్ళం. అమలాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ బాగా ఆడేవారట. ఆ ఆటకి ఫలితంగా సులైబియాలో ఒక గిడ్డంగిలో గుమాస్తా అయ్యారు. శుక్రవారాలు ఆడుతుంటే చూసి ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు బంతులకి గాలి కొట్టే పనికి పిలిచారు. అక్కడి నుంచి పాత కోచ్‌కి సహాయకుడయ్యారు. ఆ కోచ్ తన దేశం వెళ్ళిపోయాక, "ఈ సీజనుకి నువ్వు చూడు. పనికొస్తే ఉంచుకుంటాం" అన్నాడు ముదీర్, అంటే ఆ కాలేజీ పెద్ద.

నాకేమో ఈ ఉద్యోగాల నిచ్చెన అంతు తెలుసుకోవాలని ఒకటే ఆరాటం.

"ఏవండీ, డాక్టరవ్వాలంటే వైద్యం చదవాలి. కోచ్ అవ్వాలంటే ఏం చదవాలండీ?"

"చదివేదేం లేదు. తిట్లు తినడం అలవాటు చేసుకోవాలి."

"ఎవరిచేత?"

"ఓడితే అందరిచేతా. గెలిస్తే నీచేత, ఆలస్యంగా వచ్చానని."

నేను బీఏ ప్యాసైనదాన్ని. ఇలాంటి జవాబులతో ఊరుకుంటానా? పిల్లాణ్ణి చంకనేసుకుని, జంతికల డబ్బా పట్టుకుని రోజూ సాయంత్రం మా ఇంటి వెనకున్న గ్రౌండుకి బయల్దేరేదాన్ని. ఆ గోలు దగ్గరివాడు ఒక్కడే చేతులెందుకు వాడతాడు, మిగతావాళ్ళకి కోపం రాదా అని అడిగేదాన్ని. మొదట్లో ఆయన ఓపిగ్గానే చెప్పారు.

ఆయనకొచ్చిన అరబ్బీ రెండే మాటలు. మొదలుపెట్టడానికి యల్లా, ముగించడానికి ఖలాస్. చీకటి పడుతున్నా ఆ రెండోది మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. ఒకరోజు ఇంట్లో కూర చల్లారిపోతోందని నేనే గట్టు మీంచి "ఖలాస్" అన్నాను. కుర్రాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, నేరుగా జంతికల డబ్బా దగ్గరికొచ్చారు. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి ఆ పని పూర్తిగా నాదైపోయింది. నేనూ నిచ్చెన మీద ఒక మెట్టెక్కానని పొంగిపోయాను.

ఆ మాటని మా ఇంట్లోకి తెచ్చింది రమణమ్మ. కడప మనిషి, పక్క వీధిలో అరబ్బుల ఇంట్లో పని. మా రెండేళ్ళవాడు "వద్దు నాన్నా" అంటే ఇంకా హుషారుగా చేసేవాడు.

"తెలుగులో జెప్తే వాడు యాడ ఇంటాడుమ్మా," అంది రమణమ్మ. "మా మామా, అదే మా అరబ్బు యజమానమ్మ, ఖలాస్ అన్నిందంటే పిల్లోళ్ళే గాదు, పిల్లి గూడా కూకుంటాది."

నిజమే, మావాడూ విన్నాడు.

చివరి మ్యాచ్ వచ్చింది. ముదీర్ చూడ్డానికి వస్తున్నాడు.

"ఇవాళ ఓడకపోతే చాలు," అన్నారు మా ఆయన, బూట్ల తాళ్ళు మూడోసారి కట్టుకుంటూ.

"ఓడితేనండీ?"

"గిడ్డంగి వదిలేశాం కదా. వీళ్ళు ఉంచుకోకపోతే ఇఖామా ఉండదు. ఇఖామా లేకపోతే ఈ దేశంలో మనం ఉండం. సామాన్లు సర్దుకోవడమే."

ఇక నా పరిస్థితి ఊహించుకోండి. ఆట చివరికొచ్చింది, రెండు జట్లూ సమానం. నేను దండెం మీద చీరలా ఊగిపోతున్నాను.

"ఏమ్మా, గోర్లు కొరుకుతాండావు, అన్నం తిన్లేదా?" అంది పక్కనే ఉన్న రమణమ్మ.

"మా ఇఖామా అంతా ఆ బంతిలో ఉంది రమణమ్మా."

"అట్లయితే ఆ పిల్లోడు దాన్ని అంత గెట్టిగా తంతాండాడే."

సరిగ్గా అప్పుడే మావాడు గులకరాయి నోట్లో పెట్టుకోబోయాడు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను: "ఖలాస్!"

పన్నెండుమంది విన్నారు. మావాడు రాయి పారేశాడు. మిగతా పదకొండుమంది మా జట్టు. గోలు దగ్గరివాడు చేతి తొడుగులు విప్పేశాడు. కెప్టెన్ డబ్బా కోసం నావైపు నడిచి వస్తున్నాడు. అవతలి జట్టుకి నేను శిక్షణ ఇవ్వలేదు కదా, వాళ్ళ కుర్రాడు బంతిని సంతకెళ్ళినట్టు తీరిగ్గా తీసుకెళ్ళి గోల్లో పెట్టాడు. ఆ వెంటనే విజిల్ మోగింది.

"ఏమైంది రమణమ్మా?"

"ఏం గాలేదుమ్మా. నీ మాట బాగా ఇంటాండారు."

ముదీర్ మా ఆయన్ని పిలిచాడు. పిల్లాణ్ణెత్తుకుని నేనూ వెనకే నిలబడ్డాను. మనసులో అప్పుడే పెట్టెలు సర్దేస్తున్నాను.

"వీళ్ళెందుకు ఆగారు?"

మా ఆయన జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పి, దొంగని పట్టిచ్చినట్టు నన్ను చూపించారు.

ముదీర్ నన్ను ఎగాదిగా చూశాడు. "గంట కొట్టినా వీళ్ళు క్లాసులోకి రారు. నేను అరిచినా ఆగరు. పాత కోచ్ విజిల్ ఊదీ ఊదీ దేశం వదిలిపోయాడు. ఇవాళ ఒక్క మాటకి అందరూ ఆగారా?" అని గడ్డం నిమురుకున్నాడు. "ఇంత క్రమశిక్షణ నేర్పినవాణ్ణి వదులుకోను. నువ్వు ఉండు. ఆ గొంతు మాత్రం మళ్ళీ గ్రౌండుకి రాకూడదు."

కనుక చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ఆట జరిగేచోటా నేను అరబ్బీలో నోరు విప్పను. విప్పక తప్పకపోతే తెలుగులోనే విప్పుతాను. ఆ జట్టు మొత్తానికి తెలుగు తెలిసినవారు మా ఆయనొక్కరే, ఆయన ఇంతవరకూ నా మాట వినలేదు.