ఈ పాటకు లేవాలా, కూర్చోవాలా?

ఈ రోజు పని మీద ఎమ్మిగనూరు నుంచి ఆదోని వెళ్లాను. ఆదోనిని జిల్లా చేయాలంటూ వేసిన దీక్షా శిబిరంలో మా పెదనాన్న కొడుకు నాగరాజన్న, పెద్దమ్మ కనిపించారు. పలకరించి వెళ్దామని నేనూ కింద పరిచిన పట్ట మీద కూర్చున్నాను.

కాసేపటికి అన్న మైకు అందుకుని, తాను కొత్తగా రాసిన ఉద్యమ పాట ఎత్తుకున్నాడు. మాటలన్నీ ప్రభుత్వాన్ని కడిగిపారేసేవే. రాగం మాత్రం రాష్ట్ర గీతానిది. అందరికీ వచ్చిన రాగం అదొక్కటేనట!

మొదటి లైను పూర్తికాకముందే శిబిరమంతా లేచి అటెన్షన్‌లో నిలబడింది. నేనూ లేచాను. రాష్ట్రం రెండు ముక్కలైనా, బడిలో పడిన అలవాటు పోలేదు మరి.

అన్న పాట ఆపేసి గద్దించాడు. "ఎందుకు లేసినారప్పా? కూసోండి! ఇది సర్కారు పాట కాదు, సర్కారును తిట్టే పాట!"

పెద్దమ్మ మాత్రం కూర్చోలేదు. "అట్లయితే రాగం మార్సు నాయనా. మాటలు ఇనేలోపే కాళ్లు లేస్తాండాయి" అంది.

అన్న రాగం మార్చలేదు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి సగం మంది కూర్చున్నారు, సగం మంది పెద్దమ్మతో పాటు నిలబడ్డారు. నేను ఎటూ తేలక, లేచీ లేవనట్టు గొంతుక్కూర్చున్నాను.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ అదే ఆలోచన. రేపు నిజంగా జిల్లా వచ్చి, ఈ పాటే జిల్లా పాటై బళ్లలో మోగితే, పిల్లలు లేచి నిలబడాల్సిందే కదా? మరి ఇవాళ పెద్దమ్మ చేసింది తప్పా, తొందరపాటా? మీరే చెప్పండి. నాకైతే మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ తేలలేదు.